స్టోర్ రూములో కుర్చీ

"ఏవండీ" అని పిలిచింది ఆ అమ్మాయి.

అతను పలకలేదు.

"మిమ్మల్నే." ఈసారి గొంతు పెంచింది.

అతను కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఎవరి పాటకో మెచ్చుకోలుగా తల ఊపుతున్నాడు. చెవుల మీద కొబ్బరి చిప్పలంత హెడ్‌ఫోన్స్. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఇక లాభం లేదని చేతిలో ఉన్న డ్రాయింగు చుట్టతో అతని భుజం మీద ఒక్కటి తట్టింది. అతను అంతెత్తున ఎగిరిపడ్డాడు.

"ఎవరండీ మీరు? తలుపు కొట్టి రావాలని తెలీదా?"

"కొట్టాను. పిలిచాను. అరిచాను కూడా. ముందు ఇది చెప్పండి, ఈ గదిలో మీరేం చేస్తున్నారు?"

"నా గదిలో నేనేం చేస్తానండీ, పని చేస్తున్నాను. మీరేం చేస్తున్నారు నా గదిలో?"

ఆమె డ్రాయింగు విప్పి బల్ల మీద పరిచి, ఒకచోట వేలు పెట్టింది. "ఈ గది ఇదే కదా. పక్కన ఏం రాసుందో చదవండి."

"స్టోర్ రూమ్."

"మనుషులు ఉండని గది అని కూడా రాసుంది. మరి ఈ కుర్చీ ఏమిటి? దాని మీద ఆ దిండేమిటి? ఆ నీళ్ళ సీసా, ఆ దువ్వెన?"

అతను గబుక్కున దువ్వెన తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె గుమ్మం బయటికెళ్ళి గోడకున్న పెట్టె తెరిచి ఏదో మీట తిప్పి, దానికి తాళం వేసి, తాళానికి ఒక ఎర్రచీటీ కట్టేసింది.

"దయచేసి బయటికి రండి. ఈ గది మూసేస్తున్నాను."

ఆమె పనే అది. మంటలార్పే గ్యాసు సిస్టమ్స్ పెట్టినచోటల్లా, వాటిని పద్ధతి ప్రకారం పెట్టారా లేదా అని చూసి సంతకం పెట్టడం. పద్ధతిగా లేకపోతే ఎర్రచీటీ కట్టడం. కట్టీ కట్టీ చివరికి ఆమె పేరే ఎర్రచీటీ అయింది. కాంట్రాక్టర్లందరూ అలాగే పిలుచుకునేవాళ్ళు, ఆమె వినపడేంత దూరంలో లేనప్పుడు.

ఇక అతను. ఆ ఆఫీసులో పాతకాలపు గొంతులూ పాటలూ ఉపన్యాసాలూ రికార్డు చేసిన టేపులు గుట్టలుగా ఉన్నాయి. అవి పాడైపోయే లోపు ఒక్కొక్కటే విని, శుభ్రం చేసి, కంప్యూటర్లోకి ఎక్కించడం అతని ఉద్యోగం. ఎప్పుడు చూసినా చెవుల మీద ఆ చిప్పలే కాబట్టి అందరికీ చెవులబ్బాయి. టేపుల మీద నీళ్ళు పడితే అన్నీ నాశనం. అందుకే ఆ గదికి నీళ్ళు కాకుండా గ్యాసు పెట్టారు. వరండా చివర్లో మనిషెత్తు సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"ఆ సిలిండర్లలో ఏముందో తెలుసా మీకు?" అని అడిగింది ఎర్రచీటీ.

"మంటలార్పే గ్యాసు."

"కార్బన్ డయాక్సైడ్. మంటకి ఊపిరాడకుండా చేస్తుంది. మనిషికి కూడా. మనుషులు కూర్చుని పనిచేసే గదికి అసలు పెట్టకూడదు. పెట్టినవాళ్ళు హెచ్చరిక గంట ఎక్కడ పెట్టారో చూడండి, బయట వరండాలో. మీ గది గోడలకేమో శబ్దం రాకుండా దళసరి పలకలు. పైగా మీ చెవుల మీద ఆ చిప్పలు. గంట మోగినా మీకు తెలీదు. మోగిన వెంటనే గ్యాసు వదిలేలా పెట్టారు, పరిగెత్తడానికి టైము కూడా లేదు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. గ్యాసు వత్తిడి బయటికి పోవడానికి గోడలో దారి లేదు. ఇంకా చెప్పనా?"

"చాలండి. కానీ ఈ టేపులు రోజు రోజుకీ పాడవుతున్నాయి. గది మూసేస్తే ఎలా?"

"బతికుంటే రేపైనా వినొచ్చు."

"కొంచెం మర్యాదగా చెప్పొచ్చుగా."

"మర్యాదగా చెప్తే ఎవరూ వినరు. నేను ప్రయత్నించాను. ఈ గ్యాసు పెట్టిన కాంట్రాక్టరు ఎవరో తెలుసా మీకు? నేను మాట్లాడాలి."

చెవులబ్బాయి ఏదో చెప్పబోయి ఆగాడు. "ఊళ్ళో లేరనుకుంటా" అన్నాడు.

ఆమె తన ఆఫీసుకి తిరిగి వెళ్ళేసరికి వాళ్ళ పెద్దసారు ఆమె కోసమే కూర్చుని ఉన్నాడు. టేపుల ఆఫీసు డైరెక్టరు అప్పుడే ఫోన్ చేశాడట.

"ఎందుకమ్మా ఈ గొడవ? డ్రాయింగులో స్టోర్ రూమ్ అని ఉంది. స్టోర్ రూముకి తగ్గట్టే పెట్టారు. సంతకం పెట్టెయ్."

"గదిలో మనిషున్నాడు సార్."

"డ్రాయింగులో లేడుగా."

"డ్రాయింగు ఊపిరి పీల్చదు సార్."

పెద్దసారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఫైలు పక్కకి జరిపి, "వారం టైమిస్తున్నా. నువ్వు పెట్టకపోతే నేనే పెడతాను" అన్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికెళ్ళాక కూడా దిగలేదు. చెప్పుల్ని విసిరినట్టు విడిచిన కూతుర్ని చూసి వాళ్ళమ్మ, "ఇవాళ ఎవరి కొంప మూశావే" అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కొలతలు తీసుకోడానికి వెళ్తే, చెవులబ్బాయి తన మిషన్ని వరండాలోకి లాక్కుని, కిటికీ పక్కన కూర్చుని పనిచేసుకుంటున్నాడు. ఆమెని చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ఇక్కడ దుమ్ము పడుతోంది మిషన్లో. మీ దయ."

"తుడుచుకోండి."

సాయంత్రం ఆమె నిచ్చెన దిగేసరికి, కింద స్టూలు మీద ఒక గ్లాసు టీ ఉంది. అతను అటు తిరిగి పనిలో ఉన్నట్టు నటిస్తున్నాడు. టీ చల్లారిపోయింది. అయినా తాగింది.

ఆ వారమంతా ఆమెకి అక్కడ ఏదో ఒక పని తగిలింది. ఒకరోజు అతనే అడిగాడు, "ఎందుకండీ మీకింత కోపం? అన్నిచోట్లా ఇలాగే పోట్లాడతారా?"

కిటికీ అవతల చినుకులు మొదలయ్యాయి.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన నన్నొక చోటికి తీసుకెళ్ళారు. అక్కడా ఇదే గ్యాసు. గదికి రంగులు వేస్తున్నప్పుడు గ్యాసు రాకుండా సిస్టమ్‌కి తాళం వెయ్యలేదు. గ్యాసు వదిలేసింది. మేం వెళ్ళేసరికి రంగులేసే ఆయన తలుపు పక్కనే కూర్చుని ఉన్నాడు, ఎవరో వచ్చి తీస్తారని ఎదురుచూస్తున్నట్టు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎందుకంటే బయట నిలబడ్డవాళ్ళు ఒకటే మాట, గంట మోగిందండీ, మోగిందండీ అని. మోగింది సరే. ఎవరికి మోగింది?"

చెవులబ్బాయి మిషన్లో వేరే టేపు ఎక్కించాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది వినండి. ఊరికే."

పాత టేపు. ఎవరో పెద్దావిడ మనవరాలికి కథ చెప్తోంది. మధ్యలో ఎక్కడో వాన. కథ ఆపి, "ఉండవే, దండెం మీద బట్టలు తడుస్తున్నాయి" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాన చప్పుడొక్కటే.

ఎర్రచీటీ నవ్వింది. ఆ ఆఫీసులో ఆమె నవ్వగా చూడడం అతనికి అదే మొదలు. చూస్తూ ఉండిపోయాడు. టేపు అయిపోయి చక్రం ఒట్టినే తిరుగుతున్నా ఇద్దరికీ ఆపాలని తోచలేదు.

వారం చివరిరోజు కాంట్రాక్టరు వచ్చాడు. తెల్లటి చొక్కా, చేతిలో గొడుగు, ముఖం నిండా నవ్వు. ఆమె ఒక్కొక్క లోపమూ చెప్తుంటే అన్నిటికీ తలూపాడు, గంగిరెద్దులా. అంతా అయ్యాక, "పాతికేళ్ళుగా చేస్తున్నానమ్మా ఈ పని. ఒక్కరికీ ఏమీ కాలేదు" అన్నాడు.

"ఇంకా కాలేదు అనండి."

"కోపం వద్దమ్మా. మా అబ్బాయితో కలుపుగోలుగానే ఉంటున్నారటగా. టీలూ పాటలూ అని డైరెక్టరుగారు చెప్పారు. మనలో మనకి పట్టింపులేమిటి, ఆ సంతకం కాస్త పెట్టెయ్యండి."

"ఎవరు మీ అబ్బాయి?"

"ఇదుగో, వీడే. మా అన్నయ్య కొడుకు. అన్నయ్యా వదినా పోయాక నేనే పెంచాను. చెప్పలేదా?"

చెవులబ్బాయి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని గబగబా మెట్లు దిగింది. బయట వాన దంచికొడుతోంది. పోర్టికో చివర ఆగక తప్పలేదు. వెనకే అతను పరిగెత్తుకొచ్చాడు, వాళ్ళ బాబాయి గొడుగు పట్టుకుని.

"ఆ గొడుగు కింద నేను నిలబడను" అంది.

"ఒక్క మాట వినండి."

"విన్నాను. టీలు తాగాను, పాటలు విన్నాను. నా సంతకానికి అదా మీరు కట్టిన వెల? పోనీ ఇంకొంచెం ఎక్కువ కట్టాల్సింది."

"ఆయన చెయ్యమన్నవి నేనొక్కటి కూడా చెయ్యలేదు. మొదటిరోజు నేను ఫలానావాళ్ళ అబ్బాయినని చెప్తే మీరు నాతో మాట్లాడేవారా?"

"మాట్లాడేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

"దాన్నే మోసం అంటారు."

"మొదటిరోజు ఆయన తప్పు చెయ్యడనుకున్నాను. మీరే పెద్ద చాదస్తం అనుకున్నాను. రెండోరోజు నుంచి చెప్పకపోవడానికి కారణం వేరు."

"ఏమిటది?"

అతను నోరు తెరిచాడు, మూశాడు. ఆమె ఇంకాసేపు ఆగితే చెప్పేవాడేమో. ఆగలేదు. వానలోకి దిగి, తడుస్తూనే బస్సు దాకా నడిచింది. కోపంలో చలి కూడా తెలీలేదు. బస్సెక్కాక తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"నేను. పెట్టెయ్యకండి, వినండి. రాత్రి బాబాయిని అడిగాను. స్టోర్ రూమని ఎందుకు రాశావు అని. మనుషులుండే గదంటే గ్యాసు మార్చాలి, లోపల గంటా లైటూ పెట్టాలి, తలుపు మార్చాలి, గిట్టుబాటు కాదు అన్నాడు. అందులో కూర్చునేది నేనే కదా అన్నాను. కుర్రాడివి, పరిగెత్తలేవా అన్నాడు."

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఇవాళ రండి. పరీక్ష పెట్టండి. ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెడతాను. పిన్నిని కూడా రమ్మన్నాను. మీకు నా మీద కోపమైతే పరీక్ష అయ్యాక మళ్ళీ కోప్పడండి."

ఆమె వెళ్ళింది. డ్యూటీ కదా అని తనకి తనే చెప్పుకుంది.

సిలిండర్లని తన చేత్తోనే పైపుల నుంచి విడదీసింది. వాటి బదులు ఒక చిన్న ఎర్రలైటు తగిలించి అందరికీ చూపించింది. "ఇవాళ గ్యాసు రాదు. గ్యాసు రావాల్సిన క్షణంలో ఈ లైటు వెలుగుతుంది. గంట మోగగానే మీరు లేచి బయటికి రావాలి, అంతే."

"దీనికింత హడావిడా" అంటూ కాంట్రాక్టరు నవ్వుతూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. చెవులబ్బాయి మిషన్ని మళ్ళీ లోపల పెట్టి, ఆయన చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, టేపు తిప్పి, బయటికొచ్చి తలుపు వేశాడు. తలుపుకి చిన్న అద్దం ఉంది. పిన్ని ఆ అద్దం దగ్గర నిలబడింది. ఎందుకు పిలిచారో ఆవిడకి ఇంకా సరిగ్గా తెలీదు.

ఎర్రచీటీ గోడకున్న మీట లాగింది.

వరండా అదిరిపోయేలా గంట మోగింది. పిన్ని రెండు చెవులూ మూసుకుంది. లోపల ఆయన తల ఊపుతున్నాడు. ఒకటి రెండు సార్లు ఊపాడో లేదో, ఎర్రలైటు వెలిగింది.

"ఆ లైటేమిటమ్మా?" అని పిన్ని గంట మోతలో అరిచినట్టు అడిగింది.

"గ్యాసు వదిలేసిందని."

"అంటే?"

"అంటే నిజంగా అయితే ఇప్పుడు లోపల పీల్చే గాలి లేదు."

పిన్ని అద్దంలోంచి చూసింది. ఆయన బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. పాట బాగున్నట్టుంది. కళ్ళు కూడా మూసుకున్నాడు.

"ఇప్పుడు?" అంది పిన్ని.

గంట మోగుతూనే ఉంది.

"ఇంక చాలు. తలుపు తియ్యండి."

"నిజంగా అయితే లోపలి వత్తిడికి, బయట నుంచి తోసినా రాదమ్మా."

పిన్ని ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. ఎర్రచీటీ గంట ఆపేసరికి, తనే భుజంతో తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళు తెరిచి, హెడ్‌ఫోన్స్ తీసి, "ఏమ్మా, ఎప్పుడు మొదలు పెడతారు?" అన్నాడు.

"అయిపోయిందండీ" అంది పిన్ని.

"ఏమైపోయింది?"

"మీరు."

ఆయన ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలీక కాసేపు అక్కడే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దంలో పిన్ని గొంతు మామూలుగానే ఉంది, అదే భయంగా ఉంది.

"రోజూ ఈ కుర్చీలో కూర్చునేది ఎవరండీ?"

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"వీణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టినప్పుడు, ఇక నుంచి మన కొడుకే అన్నారు. కొడుక్కి మీరు కట్టిన గది ఇదా?"

కాంట్రాక్టరు అన్నకొడుకు వైపు చూడబోయి, చూడలేక, చేతిలో ఉన్న హెడ్‌ఫోన్స్ వైపు చూశాడు. ఎర్రచీటీకి ఆయన మీద జాలి వెయ్యలేదు. వెయ్యాలని కూడా అనుకోలేదు.

"ఇలాంటి గదులు ఇంకెన్ని ఉన్నాయండీ?" అని అడిగింది.

ఆయన హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టి, "ఉన్నాయమ్మా" అన్నాడు.

"వాటిల్లో మీ అన్నయ్యగారి కొడుకులు లేరు. ఇంకెవరి కొడుకులో ఉన్నారు. నేను రిపోర్టు రాస్తాను."

"రాయమ్మా" అన్నాడు ఆయన. ఈసారి ఆయన వాదించలేదు.

రిపోర్టు వెళ్ళింది. పెద్దసారు దాన్ని తొక్కిపట్టాలని చూశాడు కానీ, ఎర్రచీటీ ఆయన ఎదురుగానే ఆయన పైవాళ్ళకి మరో కాపీ పంపింది. కాంట్రాక్టరుకి జరిమానా పడింది. గది పని మాత్రం ఆయనే, ఈసారి దగ్గరుండి చేయించాడు. మనిషికి హాని చెయ్యని గ్యాసు వచ్చింది. తలుపు బయటికి తెరుచుకుంది. గోడలో వత్తిడి పోయే దారి పెట్టారు. లోపల గంటతో పాటు పెద్ద లైటు కూడా. అవి మొదలయ్యాక కొంతసేపటికి గానీ గ్యాసు రాదు.

చివరి పరీక్ష రోజున చెవులబ్బాయి చెవులు మూసుకుని, తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె మీట లాగింది. గది గోడలన్నీ ఎర్రగా మెరిశాయి. అతను తుళ్ళిపడి లేచి, ఒక్క తోపుకి తలుపు తెరిచి, ఆపుకోలేక ఆమె మీద పడబోయి, అంగుళం దూరంలో ఆగాడు.

"పాసా?" అన్నాడు, ఆయాసంతో.

"పాసు. లైటు వెలిగాక ఇంకా బోలెడంత టైముంది. గ్యాసు ఇప్పుడే రాదు."

"అయితే ఆ టైములో ఒక మాట చెప్పనా? నాకు పుట్టినప్పటి నుంచీ వినడమే వచ్చు. చెప్పడం సరిగ్గా రాదు."

"చెప్పండి. ఆలోగా గంట ఆపుతాను."

"ఆపకండి. ఆపితే ధైర్యం పోతుంది." గంట మోతలోనే చెప్పాడు. "రెండోరోజు మీరు చల్లారిన టీ తాగారు. ముఖం చిట్లించకుండా తాగారు. అప్పటి నుంచి మీరు రాని రోజు ఏ టేపూ చెవికెక్కడం లేదు. నేను ఫలానావాళ్ళ అబ్బాయినని చెప్తే మీరింక రారని భయం. అది తప్పే. కానీ కారణం అది."

ఆమె గంట ఆపింది. అతను చెప్పిందంతా విననట్టు, ప్యానెల్ మీద ఏదో రాసుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు" అంది.

"ఎంత పోయింది?"

"ఆదివారం మా ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడేంత."

ఆదివారం చెవులబ్బాయీ బాబాయీ పిన్నీ ముగ్గురూ వచ్చారు. ఎర్రచీటీ వాళ్ళమ్మ ముందుగదిలో కుర్చీలు వేసింది. కాంట్రాక్టరు కుర్చీ అంచున కూర్చుని, కాసేపు ఎండ గురించీ, కాసేపు ఇంటి గోడల గురించీ మాట్లాడి, చివరికి ఆగిపోయాడు.

"మీ అమ్మాయి నా పని ఆపిందండీ" అన్నాడు వాళ్ళమ్మతో. "ఆపకపోయుంటే మావాడు..." మంచినీళ్ళు తాగాడు.

"ఇది చిన్నప్పటి నుంచీ అంతేలెండి" అంది వాళ్ళమ్మ. "తప్పు కనపడితే ఊరుకోదు. మీ అబ్బాయికి ఓపికుందా?"

"వినడం నా ఉద్యోగమేనండీ" అన్నాడు చెవులబ్బాయి. వాళ్ళమ్మ నవ్వాపుకుంటూ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాంట్రాక్టరు ఎర్రచీటీ వైపు తిరిగాడు. "రేపటి నుంచి ఆ మిగతా గదులన్నీ ఒక్కొక్కటే తిరుగుతానమ్మా. ఎక్కడెక్కడ ఏం తగ్గించానో నాకు గుర్తుంది. నువ్వు కూడా వస్తావా? పాతికేళ్ళ అలవాటు, పక్కన గట్టిగా తిట్టేవాళ్ళు లేకపోతే ఖర్చు దగ్గర మళ్ళీ చెయ్యి ఆగుతుంది."

"వస్తాను. చూడాల్సినవి నేను చూస్తాను" అంది ఆమె. "తిట్టడం మాత్రం అత్తయ్యగారికి వదిలేస్తాను."

గదిలో అందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. తను ఏమందో ఆమెకి అప్పటికి గానీ తెలీలేదు. వెనక్కి తీసుకోడానికి టైముంది. తీసుకోలేదు.

పిన్ని కుర్చీ లాక్కుని వచ్చి, ఆమె పక్కనే వేసుకుని కూర్చుంది.